నోటి సారుకూ బొడ్డు సారుకూ నడుమ

ఈ ఏడు పెత్రమాస నాడు, పోయిన పెద్దల పేర బియ్యం తీసుకోవడానికి అయ్యగారు మా ఇంటికి వచ్చినప్పుడు, నా భార్య లెక్కలో లేని విస్తరి ఒకటి వేసింది. మా అమ్మానాన్నలవి రెండు, వాళ్ళ అమ్మానాన్నలవి రెండు, పోయినేడు పోయిన మా బావది ఒకటి. ఐదు కావాలి. ఆరు ఉన్నాయి.

"ఇదెవరిది?" అని అడిగాను.

"సిస్టరమ్మది" అన్నది.

అంతకు నెల కిందట వనపర్తి దవాఖానకు పరీక్షకు పోయినప్పుడు తెలిసింది, సిస్టరమ్మ ఎండాకాలంలోనే మానవపాడులో తన ఇంట్లో చనిపోయిందని. వచ్చేటప్పుడు బస్సులో నా భార్య బిజినేపల్లి వచ్చేదాకా కిటికీ బయటికే చూస్తూ కూర్చుంది.

అయ్యగారు దర్భ చేతిలో పట్టుకొని అడిగారు. "గోత్రం తెల్వకున్నా నడుస్తదమ్మా. పేరన్న చెప్పుండ్రి."

నా భార్య నా వైపు చూసింది. నేను ఆమె వైపు చూశాను. ఇద్దరికీ తెలియదు.

నేను ఉద్యోగంలో చేరిన రోజు నుంచి డైరీ రాస్తున్నాను. మండల కార్యాలయంలో గణాంకాల పని నాది. ఎన్నో ఏళ్ళు ప్రతి ఉదయం ఎనిమిదిన్నరకు వానను కొలిచే డబ్బా దగ్గర నిలబడి, పడిన వానను మిల్లీమీటర్లలో రాసేవాణ్ణి. చుక్క పడని రోజు సున్నా రాసేవాణ్ణి. మా వైపు సున్నాలే ఎక్కువ. అలాంటి మనిషి డైరీలో ఒక పేరు లేకపోవడం జరగదు. అయ్యగారిని కూర్చోమని చెప్పి బీరువా తెరిచాను. నా భార్యకు ఆపరేషనైన ఏటి డైరీలో సిస్టరమ్మ ఎన్నో పేజీల్లో ఉంది. కొన్నిచోట్ల 'సిస్టరమ్మ', కొన్నిచోట్ల 'ఆమె', ఒకచోట 'ఆ మొండి మనిషి'. పేరు మాత్రం ఒక్క కాగితంలో దొరికింది. డైరీ వెనుక అట్టలో మడిచి పెట్టిన జిరాక్సు కాపీ అది. ఆమె మీద నేను దవాఖాన యాజమాన్యానికి రాసిన ఫిర్యాదు.

అందులో చూసి అయ్యగారికి పేరు చెప్పాను. ఇక్కడ ఆ పేరు రాయను. ఒకసారి నేను దాన్ని కాగితం మీద పెట్టాను. అది చాలు.

ఆమె యాభై దాటిన మనిషి, పొట్టిగా ఉండేది. చేతి గడియారం ముఖం మణికట్టు లోపలివైపు ఉండేది. టైము చూడాలంటే అరచేతిని తనవైపు తిప్పుకొని, అందులో ఏదో రాసి ఉన్నట్టు చదివేది. వనపర్తిలోని ఆ ప్రైవేటు దవాఖాన రెండో అంతస్తులో ఎండోస్కోపీ గది ఉండేది. గది బయట ఒక పొడుగు బల్ల. ఆ బల్ల మీద కూర్చున్నవాళ్ళెవరూ ఆమె ప్రశ్నలు దాటకుండా లోపలికి పోయింది నేను చూడలేదు.

"ఏమన్న తిన్నవా?" అని మాత్రం ఆమె ఎప్పుడూ అడిగేది కాదు. అట్ల అడిగితే అందరూ లేదనే అంటారని ఆమెకు తెలుసు. మేము మొదటిసారి పోయిన రోజు తెలకపల్లి నుంచి వచ్చిన ఒక ముసలాయన ముందు వరుసలో ఉన్నాడు. ఆయన ముందు ఆమె గొంతుక్కూర్చుంది.

"తాతా, పొద్దుగాల కండ్లు తెరిసిన కాడికెల్లి నోట్లెకు ఏమేం పోయినయ్?"

"ఏం పోలేదమ్మా."

"యాపపుల్ల?"

"అది ఏసుకున్న."

"చాయ్?"

"చాయ్ ముట్టలే. బిడ్డ తాగుతుంటె ఒక్క గుక్క..."

"గుక్కంటె చాయే గద తాతా. కప్పు నిండితెనే చాయ్ అయితదా?"

బల్లంతా నవ్వింది. ఆమె నవ్వలేదు. కళ్ళు మూసుకొని, ముందుకు వంగి, ఆయన నోటి దగ్గర వాసన చూసింది.

"బీడీలు. రెండు."

"ఒకటే అమ్మా."

"రెండు."

"ఒకటిన్నర. సగం పారేసిన, బస్సొచ్చిందని."

"గట్ల చెప్పు" అని లేచింది. ఆయనను వెనక్కి పంపలేదు, చివరి నంబరుకు మార్చింది. గొడవ చేయబోయిన ఆయన బిడ్డతో "సాకు సాకు, సుమ్నె కూసో" అన్నది. సిస్టరమ్మ తల్లిది రాయచూరు వైపు ఊరట. కోపం వచ్చినా, జాలి వచ్చినా ముందు కన్నడమే వచ్చేది. చాలు, ఊరికే కూర్చో అని ఆ మాటకు అర్థం. బల్ల మీద ఉన్నవాళ్ళందరికీ ఆ రెండు మాటలూ వచ్చేశాయి.

అక్కడ పనిచేసే డాక్టర్లకు ఆమె పెట్టిన పేర్లు వేరే ఉన్నాయి. నోట్లోంచి కెమెరా పైపు వేసి కడుపు లోపల చూసే డాక్టరు నోటి సారు. బొడ్డు దగ్గర చిన్న రంధ్రం చేసి, అక్కడి నుంచి కెమెరా పంపి ఆపరేషన్ చేసే డాక్టరు బొడ్డు సారు. వాళ్ళ అసలు పేర్లు తలుపుల మీద ఇత్తడి అక్షరాల్లో ఉండేవి. అయినా, అడవి వైపు నుంచి వచ్చినవాళ్ళయినా, మా మెట్ట ఊళ్ళ వాళ్ళయినా "బొడ్డు సారు ఏ గదిల ఉంటడు?" అనే అడిగేవాళ్ళు. ఆ డాక్టర్లకూ ఈ సంగతి తెలుసు. ఒకసారి బొడ్డు సారే ఫోనులో "నేను, బొడ్డు సారును మాట్లాడుతున్నా" అనడం నా చెవులతో విన్నాను.

నోటి సారు వాడే నల్లటి పొడుగు పైపును కడిగే పని ఆమె ఎవరికీ ఇచ్చేది కాదు. తలుపు తీసి ఉంటే బల్ల మీద నుంచి కనబడేది. నీళ్ళు, మందు, మళ్ళీ నీళ్ళు, గాలి. ప్రతిదానికీ అరచేయి తిప్పి గడియారం చూసేది. ఎందుకమ్మా ఇంతసేపు అని ఎవరో విసుక్కుంటే, "ఒకరి కడుపుల సంగతి ఇంకొకరి కడుపుకు ఎరుక కావద్దు" అన్నది. ఆ వాక్యం ఆ రోజే డైరీలో రాసుకున్నాను.

నా భార్యకు ఆ ఏడు ఎండాకాలం మొదట్లో ఆయాసం వచ్చింది. రక్తం బాగా తగ్గిందన్నారు. నోటి సారు పైపు వేసి చూశాడు. ఆహారనాళం వచ్చి కడుపులో కలిసే చోటికి కొంచెం కింద, కడుపు గోడ మందంలో, పెద్ద ఉసిరికాయంత గడ్డ. అక్కడి నుంచే కొద్దికొద్దిగా రక్తం పోతోంది.

బొడ్డు సారు కాగితం మీద బొమ్మ గీసి వివరంగా చెప్పాడు. గడ్డను లోపలి నుంచి మాత్రమే కోస్తే గోడకు చిల్లు పడుతుంది. బయటి నుంచి మాత్రమే కోద్దామంటే గడ్డ ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో సరిగా కనబడదు. కనబడకపోతే ఎక్కువ కోయాలి. ఆ చోటులో ఎక్కువ కోయడమంటే కడుపు పైభాగమంతా తీసేయడం. అలా కాకుండా ఇద్దరూ ఒకేసారి చేస్తారు. ఒకాయన నోటి నుంచి లోపలికి పోయి గడ్డ చోటు చూపిస్తాడు. ఇంకొకాయన బయటి నుంచి సరిగ్గా అంతవరకే కోసి కుట్టేస్తాడు. పొట్ట మీద నాలుగు చిన్న గాట్లు మాత్రమే మిగులుతాయి.

నా భార్య అంతా విని ఒక్కటే అడిగింది. "జొన్నరొట్టె తినొస్తదా సారు?"

"కడుపు మిగిలితే అన్నీ తినొచ్చమ్మా" అన్నాడు ఆయన.

కడుపు మిగలడమే ఇక మా ఇంట్లో మాట.

చిక్కల్లా నోటి సారు హైదరాబాదు నుంచి నెలకు ఒక్క శనివారమే వచ్చేవాడు. మధ్యాహ్నం ఒంటిగంటకు బయలుదేరి గద్వాలలో ఇంకో దవాఖానకు పోయేవాడు. ఆ శనివారం ఉదయం తప్పితే మళ్ళీ నెల.

ముందురోజు దవాఖానలో చెప్పినవన్నీ వరుసగా రాసుకున్నాను. రాత్రి పది తర్వాత ఏమీ తినకూడదు. ఉదయం ఆరింటి దాకా రెండు గుక్కల మంచినీళ్ళు తాగవచ్చు. తెల్లవారి ఐదింటికి నా భార్య దాహంతో లేచి "దూప అయితుంది" అన్నది. కుండలో తైదంబలి, అంటే రాగి జావ, ఉంది. పైన తేరిన పల్చటిది వంచి, చెంబుతో అందించాను.

మా వైపు కానివాళ్ళకు ఇది విచిత్రంగా ఉండొచ్చు. ఎండాకాలం మా ఊళ్ళలో అంబలి దాహానికి తాగేది. అంబలి తాగి చేనుకు పోతున్న మనిషిని తిన్నావా అని అడిగితే, ఇంకా తినలేదనే చెబుతాడు. అతడు అబద్ధం చెప్పినట్టు కాదు. నేను కూడా అబద్ధం రాయలేదు. డైరీలో '5.10, నీళ్ళు' అని రాశాను.

బల్ల దగ్గర సిస్టరమ్మ తన ప్రశ్న మొదలుపెట్టగానే నేను డైరీ తెరిచి ముందుకు చాపాను. "అన్నీ ఇందులో టైముతో సహా ఉన్నాయమ్మా."

"పుస్తకానికి గాదు గద సారు ఆపరేషను. అక్కనే చెప్పనియ్యి."

"ఏం లేదమ్మా" అన్నది నా భార్య. "దూపకు జరంత అంబలి."

ఆమె అరచేయి తిప్పి గడియారం చూసింది. "ఎన్నింటికి?"

"ఐదింటికి."

"ఎంత?"

"సగం చెంబు."

"సగమా?"

"ముప్పావు."

ఆమె లేచి నిలబడింది. "ఇయ్యాల గాదక్కా."

నాకు చాలా మాటలు వచ్చాయి. అంబలి నీళ్ళే కదా అన్నాను. ఆమె నెమ్మదిగా చెప్పింది. "సారూ, రెండు గిన్నెలు ఎండల పెట్టు. నీళ్ళ గిన్నె ఉత్తగయితది. అంబలి గిన్నెల పొక్కు మిగుల్తది. మత్తిచ్చినంక గా పొక్కు పైకొచ్చి ఊపిరితిత్తులల్ల పడ్డదనుకో, గడ్డ తీసి ఏం ఫాయిద?"

బొడ్డు సారును పిలిపించాను. ఆయన ఇరుకున పడ్డాడు. నోటి సారు అప్పటికే వచ్చి ఉన్నాడు, మళ్ళీ దొరకడు. "పల్చటిదే కదా సిస్టర్, మత్తు డాక్టరు చూసుకుంటాడేమో" అన్నాడు.

"మీరు తీస్కపోండ్రి సారు. నేనయితె బండి నూక."

రోగిని పడుకోబెట్టే చక్రాల బండి గోడ పక్కన ఉంది. ఆమె దాని దగ్గరికి కూడా పోలేదు. మత్తు డాక్టరు వచ్చి, అంబలి మాట విని, తల అడ్డంగా ఊపాడు. ఒంటిగంట లోపల కడుపు ఖాళీ కాదు, ఖాళీ అయ్యేసరికి నోటి సారు ఉండడు. అంతే, ఆ రోజు పోయింది.

అప్పుడు నేను ఆమెను పేరు అడిగాను. ఎందుకు అడుగుతున్నానో ఆమెకు అర్థమయింది. ఇంటిపేరుతో సహా నిదానంగా చెప్పింది. చీటీ మీద నేను ఒక అక్షరం తప్పు రాస్తే వేలు పెట్టి చూపించి దిద్దించింది కూడా.

అదే మధ్యాహ్నం ఫిర్యాదు రాశాను. నాలుగు అంశాలు, ఒక్కోదానికి టైము. రోగి బంధువుతో అమర్యాద. డాక్టరు మాటను అందరి ముందు ధిక్కరించుట. అనవసర ఆలస్యము. రోగికి మనోవేదన. కార్యాలయంలో ఏళ్ళ తరబడి నేర్చుకున్న భాషంతా అందులో పెట్టాను. 'రోగి స్వల్పముగా ద్రవపదార్థము సేవించినారు' అని రాశాను. అంబలి అన్న మాట ఆ ఉత్తరంలో ఎక్కడా లేదు.

ఆ నెల ఎలా గడిచిందో డైరీలో ఉంది. నేను మళ్ళీ చదవను. ఉదయం లేవగానే నా భార్య ముఖం తెలుపును చూసేవాణ్ణి. మలం నల్లగా ఉందా అని అడిగేవాణ్ణి. ఉంది అనేది. ఉసిరికాయ ఎంతయి ఉంటుందో అని లెక్కలు కట్టేవాణ్ణి. ఫిర్యాదు సంగతి ఆమెకు పదో రోజున చెప్పాను. రొట్టె పిండి తడుపుతూ విన్నది.

"చెంబు అందిచ్చిన చెయ్యి నీదే, కాయితం రాసిన చెయ్యి నీదే. నడుమ గా మనిషి ఏం చేసింది?" అన్నది.

మళ్ళీ శనివారం వచ్చింది. బల్ల దగ్గర ఇంకొక సిస్టర్ ఉంది, ముప్పై అయిదేళ్ళ మనిషి, ఎర్ర పెన్ను, అట్ట కట్టిన కాగితం.

"ఏమైనా తిన్నారా అమ్మా?"

"తినలే."

ఆమె టిక్కు పెట్టుకుంది. నా భార్య కొంగు సర్దుకొని బల్ల మీద బాసింపట్టు వేసుకొని కూర్చుంది.

"గంతేనా అడుగుడు? పాత సిస్టరమ్మ ఏది?"

"ఆమె పైన జనరల్ వార్డులో ఉంది. డ్రెస్సింగులు చూస్తది. ఇక్కడి నుంచి మార్చిండ్రు."

"ఎందుకు మార్చిండ్రు?"

కొత్త సిస్టర్ తన కాగితం మీదికి వంగింది. నా భార్య నా వైపు చూడకుండానే అన్నది. "ఆమె వచ్చి అడిగితెనే నేను లోపటికి పోత. లేకుంటె ఇంకో నెల గూడ ఇట్లనే కూసుంట."

నోటి సారు వచ్చి రెండుసార్లు తొంగిచూశాడు. బొడ్డు సారు బతిమాలాడు. నా భార్య కదల్లేదు. చివరికి మూడో అంతస్తుకు మనిషిని పంపారు. సిస్టరమ్మ చేతులు తుడుచుకుంటూ మెట్లు దిగి వచ్చింది. నన్ను చూసి తల ఊపింది, తెలిసినవాళ్ళను చూసి ఊపినట్టే. నా భార్య ముందు గొంతుక్కూర్చుంది.

"చెప్పక్కా. కండ్లు తెరిసిన కాడికెల్లి?"

"ఏం పోలే. నీళ్ళు గూడ పోలే. పొద్దుగాల ఏడిస్తి, జర కన్నీళ్ళు పోయినయేమో."

"గవి లెక్కల్లకు రావు" అని, వంగి వాసన చూసి, లేచింది. తర్వాత నా వైపు తిరిగింది. "నువ్వేం తిన్నవ్ సారు?"

"ఏమీ తినలేదు."

"ఆపరేషను నీకా? కిందికి పోయి ఇడ్లీ తినిరా. నువ్వు పడితె ఎత్తెటోళ్ళు లేరీడ."

బండిని ఆమే నూకుకుంటూ లోపలికి తీసుకుపోయింది. ఆ ఒక్క రోజుకు ఆపరేషన్ గదిలో ఉండమని బొడ్డు సారే అడిగాడని తర్వాత తెలిసింది.

నేను పోయి ఇడ్లీ తిన్నాను. ఎన్ని తిన్నానో గుర్తు లేదు, రాసుకోలేదు కూడా. మూడు గంటలు గడిచాక బొడ్డు సారు బయటికి వచ్చి, గడ్డ మొత్తంగా వచ్చిందని, కడుపు మిగిలిందని చెప్పాడు. నేను డైరీ తెరిచి, మూత తీయని పెన్నుతో రాయబోయాను. అది చూసి ఆయన, "సిస్టర్, పెద్దాయనకు రికార్డు చూపించు" అని వెళ్ళిపోయాడు.

సిస్టరమ్మ చిన్న గదిలో ఒక తెర ముందు నన్ను కూర్చోబెట్టింది. "నోటి సారు తలకాడ. బొడ్డు సారు కడుపుకాడ. నడుమ బట్ట అడ్డం ఉంటది, ఒకరి మొకం ఒకరికి కానరాదు. నడుమ నేను" అన్నది.

తెర మీద ఎర్రగా, తడిగా ఏదో మెరుస్తోంది. అది కడుపు బయటి గోడ అని చెప్పింది. ఎక్కడా గడ్డ ఆనవాలు లేదు, అంతా ఒకేలా ఉంది.

"ఇగో, ఇప్పుడు జూడు. నోటి సారు, 'నా దీపం గడ్డకాడికి వచ్చింది, నీ దీపం తగ్గించు' అన్నడు. బొడ్డు సారు తగ్గిస్తుండు."

తెర మసకబారింది. పూర్తిగా చీకటి అయింది. ఆ చీకట్లో మెల్లగా ఒకచోట వెలుగు పుట్టింది. టార్చి మీద అరచేయి మూసినప్పుడు వేళ్ళు ఎర్రగా వెలుగుతాయే, అలాంటి వెలుగు. కడుపు లోపల ఉన్న దీపం గోడలోంచి బయటికి కనబడుతోంది. వెలుగు మధ్యలో ఉసిరికాయంత నలుపు.

"గదే. గంతే కోసిండ్రు" అన్నది ఆమె.

నలభై ఏళ్ళు కలిసి బతికిన మనిషి లోపల దీపం పెట్టి చూస్తే ఎలా ఉంటుందో అప్పుడు చూశాను. నేను ఏడుస్తున్నానని గ్రహించి, ఆమె తెర వైపే చూస్తూ మాట్లాడింది. "కుట్టినంక ఇగో నీళ్ళు పోస్తుండ్రు. లోపటి నుంచి నోటి సారు గాలి కొడ్తుండు. సైకిల్ ట్యూబు పంచరు జూసినట్టు. బుడగ వస్తె కుట్టు లీకున్నట్టు. నలుగురం ఊపిరి బిగబట్టి జూసినం సారు. ఒక్క బుడగ రాలె."

తర్వాత ఆ ముక్కను మళ్ళీ చూపించింది, దీపం తగ్గించే దగ్గరి నుంచి. నేను అడగలేదు.

పది రోజులకు గడ్డ పరీక్ష కాగితం వచ్చింది. అంచులు శుభ్రంగా ఉన్నాయని, ఏడాదికోసారి చూస్తే చాలని చెప్పారు. ఆ రోజు మూడో అంతస్తుకు ఎక్కాను. ఆమె ఎవరికో కాలికి కట్టు కడుతోంది. అయిపోయేదాకా నిలబడి, ఆ నెల ఆలస్యం వల్ల ఏమైనా జరిగేదా అని అడిగాను.

"గది నాకు తెల్వదు సారు. ఆ దినం తీస్కపోతె ఏమయితుండెనో గూడ తెల్వదు."

ఉత్తరం గురించి ఎలా మొదలుపెట్టాలో నాకు తోచలేదు. ఆమే మొదలుపెట్టింది. "నీ కాయితం సదివిన. మంచిగ రాసినవ్. ఒక్కటే, మూడో పాయింటుల టైం తప్పున్నది. తొమ్మిదింబావు గాదు, తొమ్మిది గాకముందే నేను మిమ్ముల వాపస్ పంపిన."

"రెండో ఉత్తరం రాస్తానమ్మా. తప్పు నాదేనని రాస్తాను."

"రాయి. నీకు పానం నిమ్మలమయితది" అని కత్తెర కడగడానికి పోయింది.

రాశాను. అంబలి అన్న మాటతోనే మొదలుపెట్టాను. జవాబు రాలేదు. రెండు నెలలకు మళ్ళీ రాశాను. దానికీ రాలేదు. ఒకసారి మందుల కోసం పోయినప్పుడు, భోజనం వేళలో ఆమె రెండో అంతస్తుకు దిగి, ఆ గది అద్దం తలుపు బయట నిలబడి, లోపల పైపు ఎలా వేలాడదీశారో చూస్తూ కనబడింది. నేను మెట్ల మీదే ఆగి, ఆమె వెళ్ళిపోయాక దిగాను.

పోయినేడు నా భార్యకు మొదటి ఏడాది పరీక్ష. ఇంటి నుంచి రెండు జొన్నరొట్టెలు గుడ్డలో కట్టుకొని వచ్చింది, సిస్టరమ్మకని. "పైపు అయినంక ఇస్త, ఇప్పుడిస్తె నాకే తినబుద్ధయితది" అన్నది. కబురు పంపితే ఆమె పైనుంచి దిగి వచ్చింది. నా ఫిర్యాదు నుంచి ఆ గదిలో ఆమెకు పని లేదు, తోడుగా నిలబడడానికి వచ్చింది. నన్ను తలుపు దగ్గర ఉండనిచ్చారు.

నా భార్య ఎడమవైపుకు తిరిగి పడుకుంది. పళ్ళ మధ్య ప్లాస్టిక్ రింగు పెట్టారు. నోటి సారు పైపు వేయడం మొదలుపెట్టాడు. కొత్త సిస్టర్ రెండు చేతులూ పైపు మీదే ఉన్నాయి, నేర్పుగానే పట్టుకుంది. సిస్టరమ్మ గోడకు ఆనుకొని నిలబడింది. చేతులు రెండూ వెనక్కి పెట్టుకుంది. ఒక చేత్తో ఇంకో చేతి మణికట్టును గట్టిగా పట్టుకుంది. నేను పక్క నుంచి చూస్తున్నాను కాబట్టి నాకు కనబడింది.

పైపు గొంతు దాటేటప్పుడు నా భార్యకు వాంతి వచ్చినట్టయింది. కళ్ళు గట్టిగా మూసుకొని, కుడిచేయి పైకెత్తి గాలిలో వెతికింది. ఎవరి చేయో దొరుకుతుందని. ఏమీ దొరకలేదు. చేయి అటూ ఇటూ కదిలింది. నోటి సారు తెర చూస్తున్నాడు. కొత్త సిస్టర్ పైపు వదలలేదు, వదలకూడదు.

సిస్టరమ్మ ఒక అడుగు ముందుకు వేసి ఆగింది. నా వైపు చూసింది.

అంతమందిని ఎన్నేళ్ళుగానో ఎవరినీ అడగకుండా పట్టుకున్న మనిషి, నా భార్య చేయి పట్టుకోవడానికి నా ముఖం చూసింది.

"పట్టుకో అమ్మా" అన్నాను. మళ్ళీ గట్టిగా అన్నాను. అప్పుడు ఆమె చేతులు ముందుకు వచ్చాయి.